హోమ్ థియేటర్ పెడతారా? ముందు మాట వినపడనీండి

ఈ మూడేండ్లలో మన బంధువులు కట్టిన కొత్త ఇండ్లలో ఒక సంగతి చూస్తున్నాను. దేవుని గది ఎక్కడ, వంటగది ఏ మూల అనే మాటలు అయినాక మూడో మాట హోమ్ థియేటర్ గురించే. గృహప్రవేశానికి పోతే, భోజనాలు అయినాక మేడమీదికి పిలుచుకుపోతారు. తలుపు మూసి, లైట్లు ఆర్పి, ఒక ఫైట్ సీన్ వేస్తారు. గుండెలు అదురుతాయి. "ఎట్లుంది?" అంటారు. "బ్రహ్మాండం" అని చెప్పి కిందికి దిగి వస్తాం.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. వైరు ఉన్న వస్తువు ఏదయినా నాకు తెలిసే ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. అందుకే కొనే ముందర కొందరు, కొని తల పట్టుకున్నాక కొందరు నాకు ఫోన్ చేస్తారు. అందరికీ విడివిడిగా చెప్పేదాన్ని ఇక్కడ ఒకసారి రాసి పెడతాను. నా అభిప్రాయం ఒక్కటే. మనలాంటి ఇండ్లలో హోమ్ థియేటర్‌కు మొదటి ఖర్చు మాటకు పెట్టాలి. ఆ తర్వాత బొమ్మకు. అన్నిటికన్నా చివర దడదడకు. ఇప్పుడు మనం చేస్తున్నది దీనికి పూర్తిగా తలకిందులు.

"మనలాంటి ఇండ్లు" అని ఎందుకంటున్నానో చెప్తాను. మాది చింతామణి పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. పదో తరగతి దాకా నాది కన్నడ మీడియమే. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరినాక, వచ్చిన కన్నడ అక్షరాలకే తలకట్లు మార్చుకుంటూ. అంతకు ముందు ఇరవై ఏండ్లూ నా తెలుగంతా చెవిలోంచి వచ్చిందే. జేజి మాటలు, భజనల్లో కైవారం తాతయ్య పదాలు, సినిమా. ఈ మూడే నా తెలుగు వాచకాలు. మీలో శానామంది కథ కూడా ఇదే అయి ఉంటుంది, బళ్ళారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా. బడి ఇవ్వని భాషను మనకు ఇచ్చింది చెవి. కాబట్టి మన ఇంట్లోకి వచ్చే సినిమాలో మాట స్పష్టంగా వినపడటం షోకు కాదు, అవసరం.

చిన్నప్పుడు పండక్కి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి రాత్రంతా మూడు సినిమాలు వేసేవాళ్ళు. ఇంటి ముందర చాపలు పరిచి వీధి వీధంతా కూర్చునేది. టీవీకి ఉన్నది ఒక్క చిన్న స్పీకరు. అయినా మరుసటి రోజు పొద్దున బావి దగ్గర ఆ డైలాగులన్నీ తిరిగి వినపడేవి. ఆ స్పీకరు గొప్పదని కాదు. ఊర్లో ఇంకే చప్పుడూ లేదు, ఆరుబయట గోడలు లేవు, గొంతు ఒక్క చోటినుంచి నేరుగా వచ్చేది. ఈ మూడు కారణాలూ గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వస్తాయి.

ఇప్పుడు మా చిన్నాయన ఇంటి సంగతి. మేడమీద ప్రత్యేకంగా గది కట్టించినాడు. ప్రొజెక్టరు, గోడంత తెర, ఏడు స్పీకర్లు, మూలలో కల్లుకుండంత సబ్‌వూఫరు. పోయిన సంక్రాంతికి అందరం అక్కడ చేరినాం. ఎనభై దాటిన జేజిని ఇద్దరం పట్టుకుని మెట్లెక్కించినాం. సినిమా మొదలయిన పది నిమిషాలకు పిల్లోళ్ళు "మాటలు తెలియట్లేదు" అని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకున్నారు. ఇంకో పది నిమిషాలకు జేజి, "నా చెవులు పోయినాయిలే నాయనా, మీరు చూడండి" అని లేచింది. మళ్ళీ ఇద్దరం పట్టుకుని దింపినాం. ఒకప్పుడు సూర్యకాంతం నోరు తెరవకముందే ఆ డైలాగు చెప్పేసే మనిషి ఆమె.

నాకు అక్కడ ఒక అనుమానం వచ్చింది. జేజికి వినపడలేదంటే వయసు అనుకోవచ్చు. పదేండ్ల పిల్లోళ్ళకు కూడా తెలియలేదంటే తప్పు చెవిది కాదు. మా ఉద్యోగంలో మొదటి పాఠం ఇదే. ఇద్దరు వేరువేరు మనుషులు ఒకే ఫిర్యాదు చేస్తే మనుషుల్ని వదిలి మిషను చూడాలి.

మరుసటి రోజు కూర్చుని చూసినాను. మూడు తప్పులు దొరికినాయి. ఒకటి, మాట పలికే మధ్య స్పీకరును తెర కింద చెక్క అల్మారాలో, అద్దం తలుపు వెనక పెట్టినారు. దాని ముఖం మన మోకాళ్ళ వైపు ఉంది. రెండు, పెట్టె నుంచి రెండు చానెళ్ళ స్టీరియో మాత్రమే వస్తోంది. రిసీవరు దాన్నే ఏడు స్పీకర్లకూ పంచి పెడుతోంది. ఒకే గొంతు ఏడు చోట్లనుంచి, ఏడు దూరాలనుంచి చెవికి చేరితే మాట అలుక్కుపోతుంది. మూడు, సబ్‌వూఫరును మూలలో పెట్టి, దాని శబ్దం బాగా పెంచి ఉంచినారు. మూలలో పెడితే రెండు గోడలూ నేలా కలిసి దాని గుమగుమను ఇంకా పెంచుతాయి. పెట్టిపోయినవాళ్ళకు ఇవేవీ తప్పులుగా కనపడలేదు. ఎందుకంటే వాళ్ళు పరీక్ష చేసింది ఫైట్ సీన్‌తో.

5.1 అనే మాట అందరం అంటాం. ముందర ఎడమ, మధ్య, కుడి. పక్కన లేదా కొంచెం వెనక రెండు. మొత్తం అయిదు. ఆ ".1" అంటే దడదడకు పెట్టిన సబ్‌వూఫరు. సినిమాకు శబ్దం కలిపేటప్పుడు మాటల్లో పెద్ద భాగాన్ని మధ్య చానెల్‌లోనే పెడతారు. సినిమా హాలులో తెరకు సన్న సన్న రంధ్రాలు ఉంటాయి, స్పీకరు దాని వెనక ఉంటుంది. అందుకే గొంతు హీరో నోట్లోంచే వచ్చినట్టు ఉంటుంది. ఇంట్లో టీవీకి రంధ్రాలు ఉండవు కాబట్టి మధ్య స్పీకరు కిందో పైనో పోతుంది. ఎక్కడ పెట్టినా దాని ముఖం కూర్చున్నవాళ్ళ చెవుల వైపు వంచి ఉండాలి. అల్మారాలో పెట్టక తప్పకపోతే అంచు దాకా ముందుకు లాగండి, తలుపు తీసేయండి.

"రెండు స్పీకర్లు ఉంటే చాలదా, మధ్యలోంచి వచ్చినట్టే వినపడుతుంది కదా" అని అడుగుతారు. వినపడుతుంది, సరిగ్గా నడిమధ్య కూర్చున్నవాడికి. పక్కకు జరిగితే దగ్గరున్న స్పీకరు శబ్దమే ముందు చేరి, గొంతు ఆ పక్కకు పోతుంది. మన ఇండ్లలో నడిమధ్య సోఫాలో కూర్చునేది ఎవరు? ఇంటి యజమాని. జేజి కుర్చీ కిటికీ దగ్గర. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర, స్టవ్ మీద ఒక కన్ను వేసి. పిల్లోళ్ళు నేలమీద. మధ్య స్పీకరు ఉంటే వీళ్ళందరికీ గొంతు తెర దగ్గరనుంచే వస్తుంది. యజమానికి ఒక్కడికే కాక ఇంటిల్లిపాదికీ పనికొచ్చే స్పీకరు అదొక్కటే అని నా వాదన.

ఇంకో కారణం చెవి లోపలిది. వయసు మీదపడే కొద్దీ ముందుగా తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తి. మాటలో అచ్చులు లావుగా, బలంగా ఉంటాయి. హల్లుల్లో శానా మటుకు సన్నగా, బలహీనంగా ఉంటాయి. కానీ మాటను మాట చేసేది హల్లే. పాలు, కాలు, చాలు, తాలు. మొదటి హల్లు చెవిన పడకపోతే నాలుగూ ఒకటే. అందుకే పెద్దవాళ్ళు "వినపడుతుంది గానీ తెలియట్లేదు" అంటారు. వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం. అప్పుడు మనం సౌండు పెంచుతాం. హల్లుతో పాటు దడదడ కూడా పెరిగి హల్లును మళ్ళీ మింగేస్తుంది. పెంచాల్సింది మొత్తం సౌండు కాదు, మధ్య స్పీకరు ఒక్కటి. రిసీవరులో దాన్ని విడిగా రెండు మూడు డెసిబెల్లు పెంచుకోవచ్చు. నైట్ మోడ్ లాంటిది ఏదయినా ఉంటే వేయండి. అది పెద్ద శబ్దాలను అణిచి చిన్నవాటిని పైకి తెస్తుంది. దీనితో చెవిటితనం పోతుందని నేను అనను. చెవి నిజంగా మందగిస్తే డాక్టరు, వినికిడి మిషను కావాల్సిందే. కానీ మన తప్పును పెద్దవాళ్ళ చెవి మీదికి నెట్టడం న్యాయం కాదు.

ఇంక గది. మన కొత్త ఇండ్లన్నీ మెరిసే టైల్స్, నున్నని గోడలు, పెద్ద అద్దాల కిటికీలు. చూడ్డానికి బాగుంటాయి, వినడానికి బావిలో మాట్లాడినట్టుంటాయి. గది మధ్య నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వెనకాలే "ట్రింగ్" మని మోగితే, మీరు ఎంత ఖరీదు స్పీకరు కొన్నా మాట చెదిరే వస్తుంది. దీనికి మందు చౌకైనదే. టీవీకీ సోఫాకూ మధ్య మందమైన జంపఖానా, కిటికీలకు నిండు పరదాలు, పక్క గోడకు పుస్తకాల అల్మారా. మా అత్త బట్టలు కుట్టగా మిగిలిన గుడ్డలతో చేసిన బొంతను గోడకు వేలాడదీస్తే నవ్వినారు. శబ్దం మాత్రం నిజంగా మారింది.

సోఫాను వెనక గోడకు అతికించి పెట్టడం మన అలవాటు. అక్కడ గుమగుమ ఎక్కువ. ఒక అడుగు ముందుకు జరపండి. టీవీ 55 అంగుళాలదయితే కూర్చునేది ఏడు ఎనిమిది అడుగుల దూరంలో ఉంటే చాలు. ఎడమ, కుడి స్పీకర్లు చెవి ఎత్తులో, మీరూ ఆ రెండూ కలిసి సమత్రిభుజం అయ్యేట్టు ఉండాలి. సబ్‌వూఫరుకు ఒక చిట్కా ఉంది. దాన్ని తెచ్చి మీరు కూర్చునే చోట పెట్టి ఒక పాట వేయండి. గోడ వెంబడి వంగి నడుస్తూ వినండి. ఎక్కడ శబ్దం గుమగుమలాడకుండా సమంగా వినపడుతుందో అక్కడ దాన్ని పెట్టండి. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి.

ఖర్చు సంగతికి వస్తే, ఉన్న డబ్బులో ఒకేసారి అయిదు చౌక స్పీకర్లు కొనేదానికన్నా ముందర మూడు మంచివి కొనండి అంటాను. ఎడమ, మధ్య, కుడి, మూడూ ఒకే కంపెనీ, ఒకే రకం. లేకపోతే గొంతు ఒక స్పీకరు నుంచి ఇంకోదానికి పోయేటప్పుడు మనిషి మారినట్టు ఉంటుంది. వెనకవి రెండేండ్లు ఆగి కొనొచ్చు. సినిమాలో వెనకనుంచి వచ్చేది వాన, గాలి, జనం గోల. ఆలస్యంగా వస్తే ఎవరికీ నష్టం లేదు. బెంగళూరులో అద్దె ఇంట్లో ఉండి సౌండ్‌బార్ కొనేవాళ్ళు 2.1 కాక 3.1 అని ఉన్నదాన్ని తీసుకోండి. ఆ మూడోదే మధ్య చానెల్. ఇల్లు కట్టేవాళ్ళు గోడకు పూత వేసే ముందే స్పీకరు వైర్లకు పైపులు వేయించండి, కరెంటు వైర్ల పైపుకు కొంచెం దూరంగా. ప్రొజెక్టరుకు ఒక పైపు ఎక్కువే వేయించండి. ఇప్పుడు అయ్యే ఖర్చు చిన్నది. తర్వాత గోడ పగలగొట్టే ఖర్చు పెద్దది.

సామాను వచ్చినాక సెట్టింగులు చూడాల. టీవీకీ రిసీవరుకూ మధ్య హెచ్‌డీఎంఐ వైరును ఏఆర్‌సీ అని రాసి ఉన్న రంధ్రంలోనే పెట్టాల. పెట్టెలో, టీవీలో శబ్దం స్టీరియో అని ఉంటే డాల్బీకి మార్చాల. సినిమా యాప్‌లో ఆడియో ఏ భాషలో ఉందో ప్రతిసారీ చూడాల. తెలుగు సినిమాకే హిందీ డబ్బింగు మొదలయ్యి, మార్చుకోవచ్చని తెలియక అట్లే చూసిన ఇల్లు నాకు తెలుసు. పెదవులకూ మాటకూ పొంతన కుదరకపోతే ఆలస్యం సరిచేసే సెట్టింగు ఉంటుంది, మిల్లీసెకన్లలో. పాత సినిమాలకు ఇంకో మాట. 'గుండమ్మ కథ' 1962 నాటిది. ఆ కాలపు శబ్దం ఒకే చానెల్‌ది. దాన్ని ఏడు స్పీకర్లకూ పంచే మోడ్ వాడొద్దు. డాల్బీ సరౌండ్ లాంటి మోడ్ వేస్తే, రెండు పక్కలా ఒకేలా ఉన్న గొంతును అది గుర్తించి మధ్య స్పీకరుకు పంపుతుంది. సూర్యకాంతం నేరుగా మన ముందర నిలబడి తిట్టినట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు తగువు. మేడమీది ప్రత్యేక గది వద్దు, హాలులోనే పెట్టండి అని నేను అంటే మా చిన్నాయన ఒప్పుకోడు. ఆయన వాదనలో నిజం లేకపోలేదు. గదిలో వెలుతురు రాదు, బయటి చప్పుడు రాదు, చుట్టాలు తలుపు కొట్టరు, బొమ్మా శబ్దమూ రెండూ మేలుగా ఉంటాయి. "హాలులో పెడితే కుక్కర్ కూత కూడా సరౌండ్‌లో వస్తాది" అంటాడు. అదీ నిజమే. నేను అడిగేది ఒక్కటే. ఆ గదిలో పోయిన ఏడాది ఎన్నిసార్లు కూర్చున్నావు, ఎవరితో కూర్చున్నావు? జేజి ఎక్కలేదు. పిన్నమ్మకు పైకెక్కి మూడు గంటలు కూర్చునే తీరిక లేదు. పిల్లోళ్ళు పోతారు, ఆడుకునే గేములు పెట్టుకుంటారు. తెలుగు మాట ఎవరి నోట ఉందో వాళ్ళు కింద ఉంటారు, ఎవరి చెవిన పడాలో వాళ్ళు పైన ఉంటారు. మధ్యలో పదహారు మెట్లు. ఇల్లు మన డబ్బుతో కట్టుకున్నదే, ఎవరి ఇష్టం వారిది. కానీ తెలుగు కోసమని ఒక పక్క ఈ బ్లాగులో బాధపడుతూ, ఇంకో పక్క తెలుగు వినే చోటును పెద్దవాళ్ళకు అందకుండా మేడమీదికి ఎక్కించడం మాత్రం నాకు పొసగడం లేదు.

సబ్‌టైటిల్స్ గురించి కూడా పిల్లోళ్ళను తిట్టకండి. మాట తెలియకపోతే వాళ్ళు ఏం చేస్తారు? తెలుగు సినిమాకు తెలుగు అక్షరాల్లోనే సబ్‌టైటిల్స్ ఉంటే నాలాంటి కన్నడ మీడియంవాళ్ళకు అది ఉచితంగా దొరికిన బడి అయ్యేది. నేను వెతికిన సినిమాల్లో శానావాటికి ఇంగ్లీషే దొరికింది. కాబట్టి ఇంగ్లీషును ఆపాలంటే దారి ఒకటే, మాటను స్పష్టం చేయడం.

కొనడానికి పోయేటప్పుడు ఇది చేయండి. అంగడివాళ్ళు వేసే హెలికాప్టర్ సీన్ చూసి డబ్బు ఇవ్వొద్దు. మీకు బాగా తెలిసిన గొంతులతో రెండు సీన్లు అడగండి. వేగంగా మాట్లాడేదానికి సూర్యకాంతం, బరువైన గొంతుకు ఎస్వీ రంగారావు. గొంతు మీకు తెలిసినట్టే ఉందా లేదా అని దీనితో తెలుస్తుంది. కానీ మాట స్పష్టంగా ఉందా అని చూడటానికి ఈ సినిమాలు పనికిరావు. మా జేజికి అవి కంఠతా వచ్చు. చెవి వినకపోయినా మనసు చెప్పేస్తుంది. తెలిసిన జవాబుతో పెట్టిన పరీక్ష చెల్లదు. దానికి ఎవరూ చూడని కొత్త సినిమా కావాల. రెండు నిమిషాలు, తక్కువ సౌండులో, ఇద్దరు మాట్లాడుకునే సీన్. అయినాక ఒక్కొక్కరినీ "ఏమన్నారు?" అని అడగండి. అందరిలోకీ పెద్దవాళ్ళు, అందరిలోకీ చిన్నవాళ్ళు జవాబు చెప్పగలిగితే ఆ సెట్టు పాస్.

మా ఇంట్లో నేను పెట్టింది చిన్నదే. హాలులో మూడు స్పీకర్లు, ఒక చిన్న సబ్‌వూఫరు, నేలమీద జంపఖానా. చిన్నాయన మేడమీది గదిలో కూడా మధ్య స్పీకరును బయటికి తీసి, సెట్టింగులు మార్చి వచ్చినాను. అక్కడా ఇప్పుడు మాట తెలుస్తోంది. మెట్లను మాత్రం నేను సరిచేయలేను.

పోయిన నెల జేజి మా ఇంట్లో పదిరోజులు ఉంది. ఒక రాత్రి అన్నాలు తింటూ కొత్త సినిమా ఏదో పెట్టినాం, సబ్‌టైటిల్స్ లేకుండా. మధ్యలో మా పాప గట్టిగా అడిగింది, "వియ్యంకుడు అంటే ఏమి?" నేను రిమోటు తీసుకుని ఆపేలోపే కిటికీ దగ్గర కుర్చీలోంచి జవాబు వచ్చింది. "బీగరు కదే. మీ అమ్మ వాళ్ళ నాయన మీ తాతకు ఏమవుతాడు? అది." తెలుగు మాటకు అర్థం కన్నడలో చెప్పింది, మా ఇంటి పద్ధతిలోనే. పాప అడిగిందీ జేజికి వినపడింది, సినిమాలో వాడు అన్నదీ వినపడింది. ఆ తర్వాత పాప వరసలన్నీ అడగడం మొదలుపెట్టింది. సినిమా ఇంకా సగంలోనే ఉంది.